మీ తాతగారి పటాలం రద్దు కాలేదు: సైన్యంలో యూనిట్లు, ఫార్మేషన్లు ఎలా మారుతూ వచ్చాయి

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి ప్రాంతం నుంచి ఒక యువకుడు అడిగిన ప్రశ్నకు ఇది జవాబు. వారి తాతగారు 1968లో సైన్యంలో చేరి, 1985లో పింఛనుతో ఇంటికి వచ్చారు. ఆయన డిశ్చార్జి పుస్తకం మొదటి పేజీల్లో ‘1 మద్రాస్’ అనీ, చివరి పేజీల్లో ‘1 మెక్ ఇన్ఫ్’ అనీ రాసి ఉంది. ఇప్పుడు మద్రాస్ రెజిమెంటు పటాలాల (బెటాలియన్ల) జాబితా చూస్తే అందులో ఒకటో పటాలం కనిపించడం లేదు, రెండు నుంచి మొదలవుతోంది. తాతగారి పటాలాన్ని రద్దు చేశారా, లేక ఆయన్ని వేరే రెజిమెంటుకు బదిలీ చేశారా, ఆయన కబుర్లలో చెప్పిన డివిజన్ ఇప్పుడు మరో రాష్ట్రంలో ఎందుకుంది, అసలు సైన్యంలో ఈ పేర్లూ చోట్లూ ఎందుకిలా మారిపోతుంటాయి అని ఆ యువకుడి సందేహం. నేను మద్రాస్ రెజిమెంటులో గుమాస్తాగా చేరి సుబేదారుగా విరమించుకున్నవాడిని. ఉద్యోగంలో ఎక్కువ కాలం షీట్ రోల్స్ (జవాన్ల సేవా పత్రాలు), పార్ట్ టూ ఆర్డర్ల (వారి వివరాల్లో మార్పులు నమోదు చేసే ఉత్తర్వులు) మధ్యనే గడిచింది. ఇప్పుడు విజయనగరంలో ఉంటూ మాజీ సైనికుల కుటుంబాలకు కాగితాల పనిలో చేతనైన సాయం చేస్తున్నాను. ఇలాంటి ప్రశ్నతో వచ్చేవారు మన రెండు జిల్లాల్లోనూ చాలామంది ఉన్నారు కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నాను.

ముందు సూటిగా చెప్పవలసింది చెబుతాను. ‘1 మద్రాస్’ రద్దు కాలేదు. 1979లో మెకనైజ్డ్ ఇన్‌ఫాంట్రీ రెజిమెంటు అనే కొత్త రెజిమెంటును, కవచ వాహనాల మీద వెళ్లే పదాతి కోసం, ఏర్పాటు చేసినప్పుడు, దానికి కొత్తగా మనుషులను చేర్చుకోలేదు. వేర్వేరు పదాతి రెజిమెంట్లలో పేరున్న పాత పటాలాలను అధికారులు, జేసీఓలు (సుబేదారు స్థాయి జూనియర్ కమిషన్డ్ అధికారులు), జవాన్లు, యుద్ధ గౌరవాలతో సహా కదిలించి అందులోకి తెచ్చారు. వాటిలో మొదటి సంఖ్య దక్కింది 1 మద్రాస్‌కే. అందుకే ఈనాటికీ దాని పూర్తి పేరు ‘1 మెకనైజ్డ్ ఇన్‌ఫాంట్రీ (1 మద్రాస్)’. మీ తాతగారు బదిలీ మీద ఎక్కడికీ పోలేదు బాబూ. ఆయన తన కంపెనీలో, తన తోటివారి మధ్యనే ఉన్నారు, పటాలమే మొత్తంగా రెజిమెంటు మారింది.

ఇది అర్థం కావాలంటే మన సైన్యంలో యూనిట్‌కూ ఫార్మేషన్‌కూ ఉన్న తేడా తెలియాలి. పదాతి దళంలో పదిమంది ఒక సెక్షన్, మూడు సెక్షన్లు ఒక ప్లాటూన్, మూడు ప్లాటూన్లు ఒక కంపెనీ, నాలుగు రైఫిల్ కంపెనీలూ వాటికి తోడు సపోర్ట్ కంపెనీ, హెడ్‌క్వార్టర్ కంపెనీ కలిస్తే ఒక పటాలం. సుమారు 800 మంది ఉండే ఈ పటాలమే యూనిట్. మీ తాతగారు చేరిన రోజుల్లో దానికి లెఫ్టినెంట్ కర్నల్ అధిపతిగా ఉండేవారు, ఇప్పుడు కర్నల్ ఉంటున్నారు. మూడు పటాలాలు కలిస్తే ఒక బ్రిగేడు, మూడు బ్రిగేడులకు ఫిరంగులు, ఇంజనీర్లు, సిగ్నల్స్, సరఫరా, వైద్యం జోడిస్తే ఒక డివిజన్, డివిజన్ల మీద కోర్, కోర్‌ల మీద కమాండ్. బ్రిగేడు నుంచి పైకి ఉన్నవన్నీ ఫార్మేషన్లు. రెజిమెంటు ఈ మెట్లలో ఎక్కడా లేదన్నది చాలామంది గమనించరు. మద్రాస్ రెజిమెంటు మొత్తం ఒకచోట చేరి యుద్ధం చేయదు. నీలగిరి జిల్లా వెల్లింగ్టన్‌లో ఉన్న దాని కేంద్రం రిక్రూట్లకు శిక్షణ ఇచ్చి పటాలాలకు పంపుతుంది, రికార్డులు ఉంచుతుంది, సంప్రదాయాన్ని కాపాడుతుంది. దాని పటాలాల్లో ఒకటి కశ్మీరులో, ఒకటి అస్సాంలో, ఇంకొకటి రాజస్థాన్‌లో, వేర్వేరు బ్రిగేడుల కింద ఉంటాయి. కుటుంబానికి ఇంటిపేరు తరతరాలూ నిలుస్తుంది, కాపురముండే అద్దె ఇల్లు మాత్రం ఉద్యోగాన్ని బట్టి మారుతుంది కదా. పటాలానికి రెజిమెంటు ఇంటిపేరు, బ్రిగేడూ డివిజనూ అద్దె ఇళ్లు.

కొన్నేళ్లకొకసారి పటాలం ఒక శాంతి స్థావరం నుంచి సరిహద్దుకూ, సరిహద్దు నుంచి మరో శాంతి స్థావరానికీ తరలుతుంది. వెళ్లిన చోట ఏ బ్రిగేడు ఉంటే దాని కిందికి చేరుతుంది, భుజం మీది ఫార్మేషన్ గుర్తు విప్పి కొత్తది కుట్టించుకుంటుంది. మీ ఇంట్లోని పాత ఉత్తరాల మీద ‘56 ఏపీఓ’ అనో ‘99 ఏపీఓ’ అనో (ఏపీఓ అంటే ఆర్మీ పోస్టాఫీసు) మాత్రమే ఉండి ఊరి పేరు లేకపోవడానికి కూడా కారణం ఇదే. పటాలం ఎక్కడికి వెళ్లినా ఉత్తరం వెంట వెళ్లాలి, అది ఎక్కడ ఉందో మాత్రం కవరు చూసినవాడికి తెలియకూడదు.

యూనిట్ మార్పుల విషయంలో నేను నేర్చుకున్నది ఒకటి చెబుతాను. పటాలానికి పేరు, సంఖ్య, మనుషులు, చేసే పని, పైన ఉన్న ఫార్మేషన్ అని ఐదు విషయాలుంటాయి. ఈ ఐదూ ఒకేసారి మారవు, ఒక్కొక్కటి ఒక్కో కారణం చేత, ఒక్కో కాలంలో మారుతుంది. ‘పటాలం ఏమైంది’ అని అడిగినప్పుడు వీటిలో దేని గురించి అడుగుతున్నామో విడదీసుకుంటే సగం చిక్కు వీడిపోతుంది. ఇందుకు నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ మన పాత మద్రాసు సైన్యంలోనే ఉంది.

1761లో ఈస్టిండియా కంపెనీ మద్రాసు ప్రెసిడెన్సీలో ‘కోస్ట్ సిపాయిలు’ అనే వరుసలో 8వ పటాలాన్ని నిలబెట్టింది. ఆ కాలంలో మద్రాసు పటాలాలు కర్ణాటక పటాలాలనీ, సర్కారు పటాలాలనీ రెండు వరుసలుగా కూడా సాగాయి. సర్కారు వరుస అంటే శ్రీకాకుళం నుంచి కిందికి ఉన్న మన ఉత్తర సర్కారులే. తరువాత ఆ రెండు వరుసలనూ కలిపేశారు. 1796లో రెండేసి పటాలాలను ఒక రెజిమెంటుగా జతచేశారు, 1824లో మళ్లీ విడదీశారు. అప్పుడు మనం చెప్పుకుంటున్న పటాలం 7వ మద్రాస్ నేటివ్ ఇన్‌ఫాంట్రీ అయింది. 1903లో ప్రధాన సైన్యాధిపతి కిచెనర్ దేశంలోని పటాలాలన్నిటికీ ఒకే సంఖ్యా క్రమం పెట్టినప్పుడు, మద్రాసు పదాతి పటాలాల పాత సంఖ్యకు 60 కలిపారు. 7 కాస్తా 67 అయింది. కానీ పేరు ‘67వ మద్రాసు’ కాలేదు, ‘67వ పంజాబీలు’ అయింది, ఎందుకంటే అప్పటికే అందులోని దక్షిణాది సిపాయిల స్థానంలో పంజాబు మనుషులను నింపారు. 1922లో అదే పటాలం 2వ పంజాబ్ రెజిమెంటులో ఒకటో పటాలమైంది. 1952లో పారాచూట్ రెజిమెంటును తీర్చిదిద్దినప్పుడు ‘1 పారా (పంజాబ్)’ అయింది. 1978లో కమాండో పటాలంగా మారింది, ఈనాడు 1 పారా స్పెషల్ ఫోర్సెస్‌గా మన సైన్యంలో అగ్రశ్రేణిలో నిలుస్తోంది. పేరు మారింది, సంఖ్య మారింది, మనుషులు మారారు, పని పూర్తిగా మారింది. అయినా అది తన పుట్టిన సంవత్సరం 1761 అనే చెబుతుంది, అలా చెప్పుకునే హక్కు దానికి ఉంది. ఎందుకంటే ఇన్ని మార్పుల్లోనూ ఏ రోజూ పటాలాన్ని మూసివేయలేదు. దాని తోబుట్టువు లాంటి మరో కోస్ట్ సిపాయి పటాలం 69వ పంజాబీలుగా మారి, 1949లో బ్రిగేడ్ ఆఫ్ ది గార్డ్స్ ఏర్పడినప్పుడు దాని ఒకటో పటాలం అయింది.

మనుషులను మార్చడం వెనుక ఉన్న కథ మన ప్రాంతానికి సంబంధించినది, బాధాకరమైనది కూడా. 1857 తరువాత బ్రిటిష్ వారిలో ‘యోధ జాతులు’ అనే వాదం బలపడింది. 1881 నుంచి 1885 వరకు మద్రాసు సైన్యానికీ, ఆపైన 1893 వరకు దేశమంతటికీ ప్రధాన సైన్యాధిపతిగా ఉన్న ఫ్రెడరిక్ రాబర్ట్స్ ఈ వాదాన్ని గట్టిగా నమ్మినవాడు. రష్యా వాయవ్య సరిహద్దు మీదుగా వస్తుందన్న భయంతో ఆ సరిహద్దుకు దగ్గరి మనుషులే సైన్యానికి తగినవారని, దక్షిణాదివారు పనికిరారని తేల్చారు. నిజానికి దక్షిణాదిలో మైసూరు, మరాఠా యుద్ధాల తరువాత పెద్ద యుద్ధాలే లేవు, యుద్ధం లేని చోట పదోన్నతులు నిదానిస్తాయి, మంచి అధికారులు ఆ పటాలాలకు రావడానికి ఇష్టపడరు. తామే నిర్లక్ష్యం చేసి, ఆ నిర్లక్ష్యపు ఫలితాన్ని పుట్టుకకు అంటగట్టారు. విజయనగరంలో ఈనాటికీ కంటోన్మెంట్ అని పిలుచుకునే పేట ఉంది, కంపెనీ కాలంలో మద్రాసు పటాలాలు విడిది చేసిన చోటు అది. అలాంటి ప్రాంతానికే తరువాతి రోజుల్లో సైన్యం తలుపులు దాదాపుగా మూసుకుపోయాయంటే, ఆ వాదం ఎన్ని కుటుంబాల బతుకుల మీద పడిందో ఊహించుకోవచ్చు.

1922 సంస్కరణల్లో మిగిలిన మద్రాసు పటాలాలను 3వ మద్రాస్ రెజిమెంటుగా కూర్చారు. కూర్చి ఎంతో కాలం కాకముందే, మొదటి ప్రపంచ యుద్ధం తరువాత ఖర్చు తగ్గించాలన్న పేరుతో దాని రెగ్యులర్ పటాలాలను ఒక్కొక్కటిగా మూసివేశారు. 1928 నాటికి అవన్నీ పోయాయి, టెరిటోరియల్ పటాలాలు (అవసరానికి పిలిచే పార్ట్‌టైమ్ సైనికులవి) మాత్రమే మిగిలాయి. రెండో ప్రపంచ యుద్ధం వచ్చి మనుషులు చాలకపోయేసరికి 1941 నుంచి మళ్లీ మద్రాసు పటాలాలను ఎత్తారు, పాత సంఖ్యలూ పాత గౌరవాలూ వాటికి అప్పగించారు. ఆ పటాలాలు బర్మాలో పోరాడి, దక్షిణాదివారి మీద వేసిన నిందకు తమ చేతలతోనే బదులిచ్చాయి. కాబట్టి మద్రాస్ రెజిమెంటు 1758 నుంచి ఉందని చెప్పుకోవడం ఎంత నిజమో, దాని నడకలో 1928కీ 1941కీ మధ్య ఒక ఖాళీ ఉందన్నది కూడా అంతే నిజం. పాత పటాలం నేరుగా కొనసాగడం వేరు, మూసివేసిన పటాలం వారసత్వాన్ని కొత్తగా ఎత్తిన పటాలానికి ఇవ్వడం వేరు. చరిత్ర రాసేవారు ఈ తేడాను తరచుగా చెరిపేస్తారు. రికార్డుల్లో పనిచేసినవాడిగా అది నాకు నచ్చదు.

ఇదే రెజిమెంటుకు ఇంకో దారిలో వచ్చిన పటాలాలు కూడా ఉన్నాయి. తిరువాంకూరు, కొచ్చిన్ సంస్థానాల సైన్యాలు స్వాతంత్ర్యం తరువాత విలీనమై 9, 16, 17 మద్రాస్‌లుగా వచ్చాయి. వీటిలో 9 మద్రాస్ తన పుట్టుకను 1704లోని నాయర్ సైన్యంతో లెక్కపెడుతుంది. అందువల్ల రెజిమెంటు కంటే దానిలోని ఒక పటాలం వయసు ఎక్కువ అన్న వింత ఏర్పడింది.

తెలుగువారికి దగ్గరైన మరో ఉదాహరణ హైదరాబాదు. నిజాం ఖర్చుతో కంపెనీ అధికారులు నడిపిన హైదరాబాదు కంటింజెంట్ పదాతి పటాలాలు 1903లో సాధారణ సంఖ్యల్లోకి వచ్చాయి, 1922లో 19వ హైదరాబాద్ రెజిమెంటు అయ్యాయి. ఆ రెజిమెంటులోనే ఉత్తరాఖండ్‌లోని కుమావూ కొండల మనుషుల పటాలం ఒకటి చేరింది. కాలక్రమంలో రెజిమెంటులో హైదరాబాదుతో సంబంధం ఉన్నవారు తగ్గి కుమావూనీలు, అహీర్లు, జాట్లు ఎక్కువయ్యారు. 1945 అక్టోబరు 27న రెజిమెంటు పేరునే కుమావూ రెజిమెంటుగా మార్చారు. సరిగ్గా రెండేళ్లకు, 1947 అక్టోబరు 27న మన సైన్యం శ్రీనగరులో దిగింది. సరిగ్గా వారానికి, నవంబరు 3న బడ్‌గామ్‌లో ప్రాణమిచ్చి తొలి పరమవీర చక్ర పొందిన మేజర్ సోమనాథ్ శర్మది 4 కుమావూ, అంటే పాత హైదరాబాదు వంశపు పటాలం. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఎక్కడా ఉండదు. హైదరాబాదు కంటింజెంట్ అశ్విక దళం నుంచి వచ్చిన దక్కన్ హార్స్ మాత్రం తన పేరును ఈనాటికీ నిలుపుకుంది.

దేశవిభజన చేసిన మార్పులు అన్నిటికంటే తొందరగా జరిగినవి. రెజిమెంట్లను రెండు దేశాలూ పంచుకోవడంతో పాటు, ఒకే పటాలంలోని కంపెనీలు మతాన్ని బట్టి విడిపోయి సరిహద్దు దాటాయి. పది గూర్ఖా రెజిమెంట్లలో ఆరు మనకు మిగిలాయి, నాలుగు బ్రిటిష్ సైన్యానికి పోయాయి. 1950 జనవరి 26తో రాజులు, రాణుల బిరుదులు పటాలాల పేర్ల నుంచి తొలగిపోయాయి.

ఇక మీ తాతగారి మార్పు దగ్గరికి వద్దాం. నడిచి వెళ్లే పటాలం యంత్రాల మీదికి ఎక్కడమంటే పేరు మార్చుకోవడమంత తేలిక కాదు. ట్యాంకులతో సమానంగా పరుగెత్తగల పదాతి కావాలన్న ఆలోచన 1965, 1971 యుద్ధాల అనుభవంతో బలపడింది. కొన్ని పటాలాలకు ముందుగా కవచ వాహనాలు ఇచ్చి, ఆ తరువాత 1979లో వాటిని ఒకే రెజిమెంటు గొడుగు కిందికి తెచ్చారు. బీఎంపీ అనే కవచ వాహనంలో నడిపేవాడు, తుపాకీ పేల్చేవాడు, అధిపతి ముగ్గురూ ఉంటారు, వెనుక భాగంలో మిగిలిన జవాన్లు కూర్చుంటారు. అంటే పదిమంది సెక్షన్ అచ్చంగా ఒక వాహనానికి సరిపడే సెక్షన్‌గా మారింది. అంతవరకు రైఫిలూ బూట్లూ చూసుకున్న జవాను ఇంజను నడిచిన గంటలు, గొలుసు చక్రాల బిగువు, నూనె మట్టం చూసుకోవడం నేర్చుకోవలసి వచ్చింది. స్టోరులో మందుగుండు లెడ్జరు పక్కన విడిభాగాల లెడ్జరు వచ్చింది. డ్రైవర్లు, గన్నర్లు కొత్త ట్రేడులుగా షీట్ రోల్‌లోకి ఎక్కారు. తరువాత వచ్చిన బీఎంపీ-2 వాహనాలను మన తెలుగు నేల మీదే, సంగారెడ్డి దగ్గర ఎద్దుమైలారం ఫ్యాక్టరీలో తయారు చేశారు.

మీ తాతగారి ఫోటోలు ఉంటే టోపీ మీది గుర్తును దగ్గరగా చూడండి. 1979కి ముందు తీసిన ఫోటోలో మద్రాస్ రెజిమెంటు ఏనుగు కనిపిస్తుంది. 1803లో అస్సాయే యుద్ధంలో మద్రాసు పటాలాలు చూపిన తెగువకు గౌరవంగా వచ్చిన ఏనుగు అది. తరువాతి ఫోటోలో బీఎంపీ మీద నిలబెట్టిన బయనెట్ రైఫిల్ ఉంటుంది. భుజం మీది బట్ట గుర్తు వేరే సంగతి, అది ఫార్మేషన్‌ది. ఫోటో తీసిన నాటికి పటాలం ఏ డివిజన్ లేక ఏ కోర్ కింద ఉందో దాన్ని బట్టి తెలుస్తుంది. ఎర్ర గద్ద 4వ డివిజన్‌ది, నల్ల పిల్లి 17వ డివిజన్‌ది. తారీఖు లేని ఫోటోలకు కాలం కట్టడానికి నేను వాడే పద్ధతి ఇదే.

1 మద్రాస్‌తో పాటు అలా తరలిన వాటిలో 1947లో శ్రీనగరులో మొదట దిగిన 1 సిక్కు ఉంది, అది ఇప్పుడు 4 మెకనైజ్డ్. 1962లో లదాఖ్‌లోని సిరిజాప్ దగ్గర మేజర్ ధన్ సింగ్ థాపా పోరాడిన 1/8 గూర్ఖా కూడా ఉంది, అది 3 మెకనైజ్డ్. పాత రెజిమెంట్ల వారికి ఇది కష్టంగానే తోచింది. తమ రెజిమెంటులో మొట్టమొదటి పటాలం, అందరికంటే పెద్దది, ఇంటి నుంచి వెళ్లిపోయినట్టు వారికి అనిపించింది. అందుకే చాలా రెజిమెంట్లు ఆ ఒకటో సంఖ్యను మరొకరికి ఇవ్వకుండా ఖాళీగా ఉంచాయి. మద్రాస్ రెజిమెంటు జాబితా రెండుతో మొదలవడానికి కారణం అదే.

ఫార్మేషన్లు మారే తీరు వేరు. పటాలాన్ని దాని జ్ఞాపకం నిలబెడుతుంది, ఫార్మేషన్‌ను దాని ముందున్న పని నిలబెడుతుంది. ఆ పని మారితే దాని రూపం మారుతుంది, చోటు మారుతుంది, ఒక్కొక్కసారి అది పూర్తిగా ఇంకొకటి అయిపోతుంది. 4వ డివిజన్‌ను చూడండి. రెండో ప్రపంచ యుద్ధంలో ఉత్తర ఆఫ్రికా ఎడారిలో, ఇటలీ కొండల్లో ప్రపంచ ఖ్యాతి పొందింది. 1962లో అదే డివిజన్ అరుణాచల్ ఎత్తుల్లో, రోడ్లు లేని చోట, చలిబట్టలూ మందుగుండూ చాలకుండా సే లా, బొమ్‌డిలాల దగ్గర విరిగిపోయింది. ఆ ఓటమి తరువాత దాన్ని పర్వత డివిజన్‌గా మార్చారు, అంటే బరువు ఫిరంగులు తగ్గించి, వాహనాలు తగ్గించి, కంచరగాడిదలతో కొండ ఎక్కగలిగేలా తేలిక చేశారు. మూడేళ్లు గడవకముందే 1965 సెప్టెంబరులో ఆ తేలిక డివిజనే పంజాబు మైదానంలో, ఖేమ్‌కరణ్ దగ్గర అసల్ ఉత్తాడ్‌లో పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకులకు ఎదురు నిలవవలసి వచ్చింది. చెరకు తోటల్లో దాక్కుని, పొలాలను నీటితో నింపి, దక్కన్ హార్స్, 3వ క్యావల్రీ ట్యాంకుల తోడుతో ఆ దాడిని విరిచింది. 4 గ్రెనేడియర్స్ హవల్దార్ అబ్దుల్ హమీద్ పరమవీర చక్ర అక్కడిదే. ఒకే సంఖ్య, ఒకే గద్ద గుర్తు, మూడు వేర్వేరు నేలలు. మీ తాతగారి కబుర్లలోని డివిజన్ ఇప్పుడు వేరే రాష్ట్రంలో కనిపించడంలో వింత లేదు.

1962 తరువాత వచ్చిన మార్పు మన సైన్యపు చరిత్రలోనే పెద్దది. 25 డివిజన్లు, 8,25,000 మంది లక్ష్యంగా సైన్యాన్ని పెంచారు. మీ తాతగారి తరం మన జిల్లాల నుంచి సైన్యంలోకి వెళ్లగలగడానికి ఆ పెంపు ఒక ముఖ్య కారణం. కొత్త పటాలం ఎత్తడమంటే పాత పటాలాలు తలా కొంతమంది అనుభవం ఉన్న జేసీఓలను, హవల్దార్లను, జవాన్లను ఇవ్వడం, కేంద్రం నుంచి రిక్రూట్లు రావడం, మొదటి కమాండింగ్ అధికారి గుడారాల్లో కూర్చుని మొదలుపెట్టడం. ఇచ్చే పటాలాలు తమ మేలైన మనుషులను వదులుకోవాలి, అది ఎవరికీ ఇష్టం ఉండదు. అందుకే మొదటి రెండు మూడేళ్లు కొత్త పటాలం కష్టపడుతుంది.

అప్పుడు పుట్టిన వాటిలో 8వ పర్వత డివిజన్ ఒకటి. 1963లో నాగాలాండ్ కోసం ఏర్పడింది, 1990 ప్రాంతంలో కశ్మీరు లోయకు తరలింది, 1999లో కార్గిల్‌కు వెళ్లింది, ఆ తరువాత అక్కడే ఉండిపోయింది. ఆ యుద్ధం ముగిశాకే లేహ్ కేంద్రంగా 14వ కోర్ పుట్టింది. అంతకుముందు 2వ కోర్‌ది మరో కథ. 1971లో బంగ్లాదేశ్ యుద్ధానికి కొద్దికాలం ముందు బెంగాల్‌లోని కృష్ణనగర్‌లో ఏర్పడింది, యుద్ధం తరువాత పడమటికి తరలి, కాలక్రమంలో అంబాలా కేంద్రంగా దాడి కోర్ అయింది. తూర్పు నదుల కోసం పుట్టినది పంజాబు మైదానాల్లో స్థిరపడింది. మనకు దగ్గరగా సికింద్రాబాద్‌లో ఉండే 54వ డివిజన్ 1987లో శాంతి సేనగా శ్రీలంకకు వెళ్లింది.

రాష్ట్రీయ రైఫిల్స్ ఈ రెండు పద్ధతులకూ భిన్నమైనది. 1990లో మొదలైన ఈ దళంలో యూనిట్ తన చోటు వదలదు, మనుషులు మాత్రం తమ సొంత రెజిమెంట్ల నుంచి డిప్యుటేషన్ మీద వచ్చి కాలం పూర్తి కాగానే తిరిగి వెళతారు. 25, 38 రాష్ట్రీయ రైఫిల్స్ పటాలాలు మద్రాస్ రెజిమెంటువి. ఈ దళంలో పనిచేసిన వారి పుస్తకంలో రెండు మూడేళ్ల పాటు మరో యూనిట్ పేరు కనిపిస్తుంది, దాన్ని చూసి రెజిమెంటు మారారని అనుకోకూడదు.

మనుషుల కూర్పు కూడా మారుతూనే ఉంది. పాత రెజిమెంట్లలో జవాన్లు ఇప్పటికీ ఒకే ప్రాంతం నుంచి ఎక్కువగా వస్తారు, అధికారులకు ఆ హద్దు లేదు. మన విజయనగరం దగ్గర కోరుకొండ సైనిక్ స్కూలులో చదివిన సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్ బాబు బిహార్ రెజిమెంటుకు చెందిన 16వ పటాలానికి అధిపతిగా 2020 జూన్ 15న గల్వాన్‌లో ప్రాణమిచ్చారు. 2022లో వచ్చిన అగ్నిపథ్ పద్ధతిలో నాలుగేళ్ల తరువాత నాలుగో వంతు మందినే కొనసాగించాలని పెట్టారు. పటాలంలో ఒక నాయక్ తయారవడానికి పట్టే కాలం చూసినవాడిగా, ఆ నాలుగో వంతు సరిపోదని, పటాలం జ్ఞాపకాన్ని మోసే మనుషులు తగ్గిపోతారని నా అభిప్రాయం. ఖర్చు తగ్గుతుందన్నదీ, సగటు వయసు తగ్గుతుందన్నదీ కాదనలేను.

మూసివేతలూ ఉన్నాయి. 1889 నుంచి పాలు సరఫరా చేసిన మిలిటరీ ఫామ్స్ విభాగాన్ని 2021లో ఎత్తివేశారు. కొత్త రూపాలూ వస్తున్నాయి. 2025 జులై 26న ద్రాస్‌లో సైన్యాధిపతి జనరల్ ఉపేంద్ర ద్వివేది ‘రుద్ర’ బ్రిగేడుల గురించి ప్రకటించారు. పదాతి, ట్యాంకులు, ఫిరంగులు, డ్రోన్లు ఒకే బ్రిగేడు కింద ఉండేలా కూర్చినవి ఇవి. ‘భైరవ్’ అనే తేలిక కమాండో పటాలాలు, ప్రతి పదాతి పటాలంలో డ్రోన్ ప్లాటూన్ కూడా అందులో భాగం. నాలుగు రైఫిల్ కంపెనీల పటాలం పక్కన ఇప్పుడు ఆకాశాన్ని చూసే మనుషులు చేరుతున్నారు. 1979లో మీ తాతగారు రైఫిల్ పక్కన ఇంజనును నేర్చుకున్నట్టే, ఈనాటి జవాను డ్రోన్‌ను నేర్చుకుంటున్నాడు.

చివరగా మీ కాగితాల సంగతి. తాతగారు 1985లో మెకనైజ్డ్ ఇన్‌ఫాంట్రీ నుంచి విరమించారు కాబట్టి ఆయన రికార్డు కోసం అడగవలసింది వెల్లింగ్టన్‌లోని మద్రాస్ రికార్డులను కాదు, ఇప్పుడు అహిల్యానగర్ అని పిలుస్తున్న అహ్మద్‌నగర్‌లోని మెకనైజ్డ్ ఇన్‌ఫాంట్రీ రెజిమెంటు రికార్డ్ ఆఫీసును. మన దగ్గర చాలామంది మొదటి పేజీ చూసి వెల్లింగ్టన్‌కు రాస్తారు, అక్కడి నుంచి జవాబు రావడానికే నెలలు పడుతుంది. దరఖాస్తులో సర్వీసు నంబరు, హోదా, పూర్తి పేరు పుస్తకంలో ఉన్నట్టే, ఒక్క అక్షరం కూడా దిద్దకుండా రాయండి. యూనిట్ పేరు దగ్గర ‘1 మద్రాస్, తరువాత 1 మెకనైజ్డ్ ఇన్‌ఫాంట్రీ’ అని రెండూ పెట్టండి. పుస్తకంలో విరమణ తేదీ, పింఛను ఆర్డరు నంబరు ఉన్న పేజీలకు నకళ్లు జతచేసి, శ్రీకాకుళంలోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా పంపితే మేలు. నాన్నమ్మగారు ఉండి, ఆమె పేరు పుస్తకంలో ఒకలా, ఆధార్‌లో మరోలా ఉంటే ముందుగా ఆ తేడాను సరిచేయించుకోండి. మన రెండు జిల్లాల్లో కుటుంబ పింఛను ఆగిపోతున్నది ఎక్కువగా అక్కడే.